కన్ను నొక్కి తీసిన ఫోటో

ఆమెను అందరూ స్కేలక్క అంటారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కంటి లోపలి ఫోటోలు తెర మీద పెట్టుకుని, రెటీనాలో పాకే రక్తనాళాల వెడల్పు కొలవడం ఆమె పని. నాళాలు ఉబ్బి మెలికలు తిరిగితే లేజరు పెట్టాలి. ఆలస్యం చేస్తే చూపు పోతుంది. ఇందులో నాన్చడానికేమీ లేదు.

ఆ రోజు ఏడో నెలలో పుట్టిన ఓ పిల్ల ఇంటికి వెళ్లాలి. తల్లి గుడ్డలు సర్దుకుని వరండాలో కూర్చుంది. పొద్దున తీసిన ఫోటో కొలిచి స్కేలక్క అంతా బాగుందని రాసేసింది. నాళాలు పోయిన వారం కంటే సన్నబడ్డాయి మరి. కానీ మనసొప్పక రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసింది. మెలికలు మాత్రం అలాగే ఉన్నాయి. వాపు తగ్గితే మెలిక సడలొద్దూ?

నేరుగా ఫోటోలు తీసే కెమెరా బాబాయి దగ్గరికి పోయింది.

"బాబాయ్, కెమెరా మొన కంటి మీద గట్టిగా నొక్కావా?"

"నొక్కకపోతే అద్దంలా వస్తుందా? పోయినసారి మసగ్గా ఉందని నా ప్రాణం తోడేసింది నువ్వే కదమ్మా!"

స్కేలక్క నాలుక్కరుచుకుంది. నిజమే. కన్ను నొక్కితే నాళాల్లో రక్తం తగ్గి సన్నగా కనిపిస్తాయని తెలిసి కూడా, స్పష్టమైన ఫోటో కావాలని అతన్ని కాల్చుకుతిన్నది తనే.

"మళ్లీ తియ్యి."

"డాక్టరమ్మ సంతకం పెట్టేసింది. నలుగురిలో నవ్వులపాలవుతాం."

"అవుదాం. పిల్ల చూపు పోయాక పరువు పెట్టుకుని ఊరేగుతావా?"

వరండాలోకి వెళ్లి తల్లికి ఉన్నదున్నట్టు చెప్పింది. "నేను తప్పు కొలిచాను చెల్లీ. ఇంకోసారి చూడాలి."

"ఇందాకే గుక్కపట్టి ఏడ్చిందక్కా! మీకేం, మీ పిల్లా?"

"తిట్టు, పడతాను. పిల్లను మాత్రం ఇవ్వు."

ఈసారి బాబాయి జెల్ దట్టంగా పూసి, మొన తాకీ తాకనట్టు పట్టుకున్నాడు. ఫోటో అంచులు మసకే. నాళాలు మాత్రం వానపాముల్లా ఉబ్బి ఉన్నాయి. కొలిస్తే పోయిన వారం కంటే ఎక్కువ.

డాక్టరమ్మ చూసి, ఇంటికి పంపే కాగితం చింపేసింది. "ఎవరు చేసిన పని ఇది?"

"నేనే."

"నీ సంగతి రేపు చూస్తా. ముందు లేజరు గది తెరవమను."

సాయంత్రానికి రెండు కళ్లకూ లేజరు అయింది. ఫలితం తేలడానికి వారం పడుతుంది. తల్లి ఇంటికి ఫోన్ చేసి చెప్పింది: "ఇవాళ రావట్లేదు అత్తయ్యా. లేదు, భయపడకండి. వేళకే చూశారు."