ఆ చెయ్యి పడందే

భోజనాల షెడ్డులో గోడకి తెల్లగుడ్డ కట్టి మా పొడుగన్నని మాకే సినిమాగా చూపించారు.

పొడుగన్న మా జట్టువాడు. మోటార్ల గోదాములో పెట్టెలు లారీలకెక్కించే హమాలీలం మేం. పెట్టెలు లేపే గొలుసు అరిగిపోయింది, మార్చండి బాబూ అని కాళ్లావేళ్లా పడ్డా కాంట్రాక్టరు చెవికెక్కించుకోలేదు. ఒకరోజు అది తెగింది. పెట్టె జారి పొడుగన్న నడుము మీద పడింది. అప్పటినుంచీ ఆయన లేచి నిలబడాలంటే వదిన భుజం కావాలి. నిలబడ్డాక గోడ పట్టుకుని మెల్లగా నడుస్తాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ప్రభుత్వం ఇప్పించే పరిహారంతోనే.

ఇంతకీ సినిమాలో ఏముంది? ఒక ఇనప బీరువా, ఇరుకు మెట్లు, మేము. మాతోపాటు బీరువా మీద చెయ్యి వేసిన పొడుగన్న.

"చూశారుగా!" అన్నాడు కాంట్రాక్టరు, ఏదో ఘనకార్యం చేసినట్టు. "డాక్టరు ముందు ఏడుపు, ఇంటి దగ్గర బీరువాల మోత. ఇలాంటి దొంగలు ఇంకెంతమంది ఉన్నారో! తెలిసినవాళ్లు వచ్చి నా చెవిలో వెయ్యండి. పేరు బయటికి రానివ్వను."

అక్కడే మాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆ చెయ్యి సంగతి మాకు తెలుసు. మా జట్టులో ఒక పద్ధతి ఉంది. బరువు నేల వదిలేముందు మేస్త్రి "చేతులన్నీ పడ్డాయా?" అని కేకేస్తాడు. "పడ్డాయ్!" అంటే గానీ ఏదీ లేవదు. దెబ్బ తగిలినవాడు పక్కనుంటే వాడిచేత కూడా చెయ్యి వేయిస్తాం. బరువు మాది, చెయ్యి వాడిది. జట్టు తనని వదిలేసిందని వాడనుకోకూడదు, అంతే.

ఆ మాట షెడ్డులో ఎవరన్నా అన్నారా? లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈ బొమ్మ తీసిందెవరు?

చదువుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ కొంచెం ఆగి వినండి. ఆ తెల్లగుడ్డ మీద కాంట్రాక్టరు చూపించింది పొడుగన్నని కాదు, మాలో ఒక ద్రోహి ఉన్నాడన్న అనుమానాన్ని. అది విషంలా పనిచేసింది. మోకాలు విరిగి పరిహారం మీదే బతికే ప్యాకింగ్ అక్క బట్టలారెయ్యడానికి బయటికి రావడం మానేసింది. ప్రెస్సు మిషను కింద వేళ్లు పోయిన ప్రెస్సు తాత కిటికీ దగ్గర కూచోవడం మానేశాడు. వదినైతే మరీ, కూతురు వాళ్ల నాన్న ఒళ్లోకి ఎక్కబోతే చెయ్యి పట్టి లాగేసింది. "ఎవరన్నా చూస్తే పిల్లనెత్తుకున్నాడంటారే!" అని తలుపేసింది. నేను పలకరించడానికి వెళితే, తలుపు సందులోంచి నా చేతుల వైపు చూసింది, ఫోనుందేమోనని. ఆ చూపు నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

నా అనుమానం మా బావమరిది మీద. వాడూ మా జట్టే. కొత్తగా మా వీధిలో మేడమీద గది అద్దెకి తీసుకుని దిగినాయన బీరువా ఎక్కించాలని ఆ పని తెచ్చింది వాడే. పైగా ఆ వారం కాంట్రాక్టరు గదిలోంచి వస్తూ కనిపించాడు. కుళాయి దగ్గర నిలదీశాను.

"కాంట్రాక్టరు గదిలో నీకేం పనిరా?"

"సెలవడగడానికి వెళ్లా బావా. నీ చెల్లెలికి జ్వరం, మర్చిపోయావా?"

"పొడుగన్నని అక్కడికి రమ్మంది ఎవరు?"

"ఆ అద్దెకొచ్చినాయనే! అరుగు మీద కూచున్న మనిషిని చూసి, మీవాడేగా, ఆయన్నీ పిలవండి, సరదాగా ఉంటుందన్నాడు. పిలిచింది నువ్వే కదా బావా!" చేతిలో బిందె కింద పడేశాడు. "నన్ను దొంగని చేస్తావా?"

ఇద్దరం ఒకేసారి మేడ వైపు చూశాం. ఆ బొమ్మ తీసింది మెట్ల పైనుంచి. ఆ రోజు మెట్ల పైన ఫోను పట్టుకుని నిలబడ్డది ఒక్కడే.

పరుగున ఎక్కాం. గదికి తాళం లేదు, మనిషి లేడు, చాప కూడా లేదు. బీరువా ఒక్కటే గోడకి ఆనుకుని ఉంది. తలుపు లాగితే లోపల ఒక్క గుడ్డముక్క లేదు. మోసిన రోజున "ఇదేంటిరా, ఇంత తేలిగ్గా ఉంది, కాపురానికొచ్చాడా, సన్యాసానికొచ్చాడా" అని నవ్వుకున్నాం కూడా. వాడొచ్చింది కాపురానికి కాదు, కాంట్రాక్టరు పంపితే బొమ్మ తియ్యడానికి. బావమరిది బీరువాని ఎగిరి తన్నాడు. నేను వాడి భుజమ్మీద చెయ్యి వేస్తే, విదిలించుకుని, మళ్లీ వాడే పట్టుకున్నాడు.

ఆ బొమ్మ మీద పరిహారం ఆఫీసులో విచారణ పెడితే జట్టంతా వెళ్లాం. పొడుగన్నని కుర్చీలో కూచోబెట్టి మోసుకెళ్లాం. పరిహారం ఆఫీసరు మళ్లీ ఆ బొమ్మే వేశాడు. అద్దెకొచ్చినవాడి సంగతీ, ఖాళీ బీరువా సంగతీ మొత్తం చెప్పాం.

"అవన్నీ నాకనవసరం. చెయ్యి వేశాడా, లేదా?"

"వేశాడు," అన్నాడు మేస్త్రి. ఆయనకి జట్టంటే ప్రాణం, గొప్ప కూడా. ఛాతీ విరుచుకుని చెప్పాడు. "మా జట్టులో అందరి చెయ్యీ పడందే ఏదీ లేవదు సార్. అది మా పద్ధతి."

ఆఫీసరు కలం ఆగింది. "అంటే ఇతని చెయ్యి పడకపోతే ఆ బీరువా లేచేది కాదన్నమాట."

"అవున్సార్, లేవదు..." అన్న తర్వాత గానీ మేస్త్రికి తెలియలేదు తానేమన్నాడో. ఆ మాటే రాసుకున్నారు. పరిహారం ఆపేశారు. ఒంట్లో బాగున్నా బాగాలేదని చెప్పి సొమ్ము తిన్నాడంటూ మోసం కేసు పెట్టారు.

తెల్లారి పోలీసులొచ్చారు. జీపు మెట్టు ఎక్కలేక పొడుగన్న ఆగిపోతే "నటించకు" అన్నాడు ఒకడు. వదిన గట్టిగా ఏడవలేదు. తలుపులు రెండూ బార్లా తెరిచి, వీధిలో నిలబడి, "చూడండి! అందరూ చూడండి! ఇది కూడా ఫోన్లో తియ్యండి!" అని అరిచింది. ప్యాకింగ్ అక్క కర్ర ఊతంతో బయటికొచ్చింది. ప్రెస్సు తాత వేళ్లు లేని చెయ్యి పైకెత్తాడు. అన్నాళ్లకి ఆ వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి.

మేస్త్రి మాత్రం జీపు పోయిన వైపే చూస్తున్నాడు. "నా నోరే వాడికి సంకెళ్లేసిందిరా," అన్నాడు.

"నీ నోటితోనే తీయిద్దాం పద," అన్నాడు బావమరిది.

గోదాములో లారీలు వరసకట్టి ఉన్నాయి. కాంట్రాక్టరు గడియారం చూసుకుంటూ చిందులేస్తున్నాడు. మేం మాట్లాడకుండా పెద్ద పెట్టె చుట్టూ చేరాం. వంగి చేతులు వేశాం. పొడుగన్న నిలబడే మూల ఖాళీగా వదిలాం.

"చేతులన్నీ పడ్డాయా?" మేస్త్రి కేక గోదామంతా మోగింది.

"ఒకటి పడలేదు!" అన్నాం.

కాంట్రాక్టరు మొహం మాడింది. "ఏంటీ వేషాలు? ఎత్తండి!"

"ఎలా ఎత్తమంటారు?" అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. "ఆ చెయ్యి పడందే లేవదని మీ ఆఫీసరే రాసుకున్నాడు. సర్కారు మాట అబద్ధమంటారా?"

అవతలి జట్టు మేస్త్రి మా వైపు చూశాడు. తన పెట్టె మీద చెయ్యి వేసి కేకేశాడు.

"చేతులన్నీ పడ్డాయా?"

"ఒకటి పడలేదు!"

ప్యాకింగ్ షెడ్డులోంచి ఆడవాళ్ల గొంతులు అందుకున్నాయి. లారీ డ్రైవర్లు ఇంజన్లు ఆపి కిందికి దిగారు. కాంట్రాక్టరు ఫోను తీసి మమ్మల్ని బొమ్మ తియ్యడం మొదలుపెట్టాడు. ఒక్కరం కూడా మొహం తిప్పుకోలేదు.