నిన్నటి చప్పుడు

పొద్దున్నే కోడలు పొయ్యి వెలిగించి నీళ్లు పెట్టింది. గిన్నె అడుగున బుడగలు లేస్తుండగా, మధ్యగదిలోంచి చెంప మీద కొట్టిన చప్పుడు వచ్చింది. వెనకే ఇంకొకటి. ఆ గదిలో ఎవరూ లేరు.

"అయిపోయాయా?" మంచం మీంచి అడిగింది అత్తగారు.

"ఇంకొకటుంది అత్తయ్యా. వీపు మీద."

దబ్బుమని అదీ వచ్చింది. ముసలావిడ అప్పుడు కాళ్లు కింద పెట్టింది.

ఆ ఇంట్లో అంతే. దేన్ని కొట్టినా, ఎవర్ని కొట్టినా, చప్పుడు మర్నాడు అదే వేళకు వస్తుంది. గోడకు మేకు కొట్టినా అంతే, తలుపు తట్టినా అంతే. తెలిసినవాళ్లు తలుపు తట్టరు, వీధిలోంచే కేకేస్తారు. ముసలావిడ కాపురానికొచ్చిన నాటినుంచీ ఇదే వరస. మొగుణ్ని కాటికి సాగనంపి ఇంటికొచ్చాక ఆయన కొట్టిన ఆఖరి దెబ్బ వినబడిందనీ, అప్పుడుగానీ తనకు ఏడుపు రాలేదనీ చెబుతుంది.

ఆమె కొడుకు డెంటింగ్ మేస్త్రీ. గుద్దుకున్న కార్ల రేకులు సరిచేస్తాడు. షెడ్డులో అందరూ అతని చేతి ఒడుపు మెచ్చుకుంటారు. రేకు మీద ఎంత మెత్తగా కొట్టాలో అతనికి తెలుసు. ఇంట్లో గుడ్డ కప్పే చోటు చూసి కొడతాడు.

కోడలు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. తర్వాత వానాకాలంలో, తనకు సెలవున్న ఒకనాడు ఇల్లు ఊడుస్తుంటే, కూతురు చదువుకునే మూలలోంచి బెల్టు దెబ్బ వినిపించింది. చీపురు వదిలేసి నిలబడిపోయింది. తన ఒళ్లు ఎలా మోగుతుందో తనకు తెలుసు. ఇది తనది కాదు. చిన్న ఒళ్లు.

ఆ వారమే బడికి వెళ్లి టీచరమ్మ ముందు కూర్చుంది. దూరంగా హాస్టలున్న మంచి బడి ఒకటుందనీ, లేనివాళ్ల పిల్లలకు అక్కడ తిండీ చదువూ ఒక ట్రస్టు భరిస్తుందనీ టీచరమ్మ చెప్పింది. "పిల్ల చదువుకి సీటు ఖాయం. కానీ తండ్రి సంతకం కావాలి. ఇంట్లో పిల్లకి రక్షణ లేదని ట్రస్టు మనిషి స్వయంగా వచ్చి చూస్తే, నీ ఒక్కదాని సంతకం చాలు."

మేస్త్రీ వినగానే అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "సాయమా? నేను చచ్చాననుకున్నారా? రమ్మను, వచ్చి చూడమను. నా ఇంట్లో ఏం తక్కువో చెప్పమను!"

ఆ రోజునుంచి చేతులు జేబుల్లోనే పెట్టుకున్నాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉండిపోయింది. పాత దెబ్బలు చూపిస్తే మెట్ల మీద పడిందంటాడు. చప్పుణ్ని మాత్రం అలా అనలేడు. కోడలు ఇస్త్రీపెట్టె తోస్తూ ఇదే ఆలోచించింది.

ట్రస్టు మనిషి వచ్చేది మర్నాడు పదింటికి. మేస్త్రీ షెడ్డునుంచి టీకి ఇంటికొచ్చేదీ ఆ వేళకే. ఈ రోజు అతను టీకి వచ్చేముందు కోడలు అటక మీంచి చెక్కసుత్తి దించింది. అతని తండ్రి వాడినది. దాన్ని పొయ్యిలో పెట్టింది.

"అది మీ మామగారిదే."

"తెలుసు అత్తయ్యా."

ముసలావిడ వంగి, బయటికి పొడుచుకొచ్చిన పిడిని మంటలోకి ఎగదోసింది.

మేస్త్రీ వచ్చి చూశాడు. జుట్టు పట్టి ఆమెను మధ్యగదిలోకి ఈడ్చాడు. పిడికిళ్లతో గుద్దాడు, బెల్టు తీశాడు, కిందపడితే పక్కటెముకల్లో తన్నాడు. దూదిమూటను తన్నినట్టు, ఒక్క చప్పుడు లేదు. ఆమె నోట్లో కొంగు కుక్కుకుని గోడగడియారం కేసి చూస్తూ ఉంది. చెయ్యి అడ్డం పెడితే వేళ్ల మీద తొక్కాడు.

రొప్పుతూ అతనూ గడియారం చూశాడు. అర్థమైంది.

"కావాలనే చేశావు కదే!"

ఆమె నెత్తురు ఉమ్మింది.

మర్నాడు షెడ్డునుంచి ఒక కారు తలుపూ, ఇనుప సుత్తీ మోసుకొచ్చి వరండాలో పెట్టాడు. "అర్జెంటు పని. ఇక్కడే చేస్తా. నా మోత ముందు మీ చప్పుళ్లు ఏపాటి!"

ట్రస్టావిడ వచ్చి తలుపు తట్టింది. తర్వాత ఈ ఇంటి గురించి టీచరమ్మ చెప్పింది గుర్తొచ్చి, నాలిక్కరుచుకుని "ఎవరండీ లోపల?" అని పిలిచింది. మేస్త్రీ కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు.

"మా ఇంట్లో గొడవంటూ లేదండీ. పిల్లని అడగండి."

పిల్ల నేల చూపులు చూస్తోంది. పది కావొస్తుంటే అతను లేచి సుత్తి ఎత్తాడు. బలమంతా పెట్టి రేకు మీద కొట్టాడు.

చప్పుడు రాలేదు.

రోజంతా మోతలో బతికే మనిషి. ఆ మోత ఈ గడపలో రేపటిగ్గానీ రాదన్న సంగతే మరిచాడు. మళ్లీ కొట్టాడు. రేకు సొట్టపోయింది, రంగు పెచ్చులు ఎగిరాయి, అద్దం భళ్లున పగలాల్సింది నోరెత్తకుండా రాలింది. లోపల మధ్యగదిలో మాత్రం మొదలైంది. గుద్దులు. బెల్టు. పక్కటెముకలు. చూసేవాళ్లకు సుత్తి రేకు మీద పడుతోంది, మోగుతున్నది ఆడమనిషి ఒళ్లు.

"నిన్నటివా?" అడిగింది ట్రస్టావిడ.

"నిన్నటివేనమ్మా," అంది ముసలావిడ. "ఇంకా ఉన్నాయి, కూర్చో."

ఆవిడ ఆఖరిదాకా కూర్చుంది. వేళ్లు విరిగిన చప్పుడుకు కళ్లు మూసుకుంది. తర్వాత కలం తీసి తల్లికిచ్చింది. వాచిన వేళ్లతో సంతకం వంకరగా పడింది.

మేస్త్రీ సుత్తి ఎత్తి మీదికొచ్చాడు. ముసలావిడ అడ్డంగా నిలబడింది. "కొట్టరా. రేపు వింటావు."

సుత్తి కిందపడింది. అదీ మోగలేదు.

పిల్ల ఆ పూటే ట్రస్టావిడతో బయల్దేరింది. తల్లి మలుపుదాకా వచ్చి, అటునుంచటే లాండ్రీకి వెళ్లి, రాత్రి దుప్పటి మూటల మధ్య పడుకుంది. ఇంటికి తిరిగి రాలేదు.

హాస్టల్లో మొదటి సాయంత్రం ఒక పిల్ల బంతిని గోడకేసి కొట్టింది. టప్పుమంది. కొత్తపిల్ల ఉలిక్కిపడి, ఇది నిన్న ఎవరికి తగిలిందా అని చుట్టూ చూసింది. బంతి దొర్లుకుంటూ ఆమె కాళ్ల దగ్గరకొచ్చింది.

"చూస్తావేంటే, కొట్టు!"

కొట్టింది. చప్పుడు అప్పుడే వచ్చింది.

మర్నాడు అదే వేళకు ఒక్కతే వచ్చి, ఆ గోడకు చెవి ఆనించి నిలబడింది. చాలాసేపు నిలబడింది. ఏమీ వినిపించలేదు.