చేటెడు తవుడు

భాద్రపద బహుళామావాస్యనాటి ప్రాతఃకాలమున నాగావళి ఎఱ్ఱని వండునీటితో ఒడ్డుల నొరసికొనుచు ప్రవహించుచుండగా తీరమున రెల్లుపూవులు వెల్లనై తలలూచుచుండగా తిలలు దర్భలు చేతబట్టిన గృహస్థులు మోకాలిలోతు జలమున నిలిచి తమ తమ పితృదేవతల నామధేయములను స్మరించుచుండిరి. వారి నడుమ నేనును నిలిచితిని. తండ్రిపేరు తవిటయ్య యని నిస్సంశయముగ పలికితిని. తాతపేరు పలుకవలసినచోట మాత్రము ఏడేండ్లుగా నిలిచిపోవుచున్న నా నాలుక ఆనాడును నిలిచిపోయెను. పొట్నూరు పోలినాయుడనవలెనా బెండి అసిరయ్య యనవలెనా? నేను విడిచిన తిలోదకము ఎవ్వరి దోసిలిని చేరుచున్నది?

మా సీమలో పుట్టిన బిడ్డలు పుట్టినట్లే గతించుచున్న యింట మఱియొక శిశువు జనించినచో తల్లి వానిని పొరుగింటి యిల్లాలికి చేటెడు తవుటికి అమ్మివేయును. అంత చౌకబిడ్డను మృత్యువు కన్నెత్తియు చూడదని నమ్మిక. బిడ్డ కన్నవారి యింటనే పెరుగును గాని పేరునకు కొన్నవారి సొత్తు. మా తండ్రికి తవిటయ్య యను పేరు అట్టి బేరమువలన వచ్చినదని యెల్లరెఱిగినదే. పోలినాయుని యింట పెరిగినవాడు గావున ఆయన కుమారుడేయని నేనును నమ్మియుంటిని.

ఏడేండ్ల క్రిందట మా దాయాది లోకనాథము నా యరుగుపై గూర్చుండి “నీ అచ్చరాలు ముత్యాలురా తమ్ముడా. మనోళ్ల పేర్లన్నీ ఒక్క కాయితమ్మీద ఎక్కించీరాదేటి” యనెను. ఆ పొగడ్తకు పొంగి తాలూకా కచేరీలోని పాతకాగితముల గదికి బోయి డెబ్బదియేండ్లకు పూర్వము దొరతనమువారు వ్రాయించిన యిండ్లచిట్టాను వెదకి చూచితిని. అందు పోలినాయునికి సంతానము లేదు. అసిరయ్య కుటుంబమున భార్య నీలమ్మ కూతురు గున్నమ్మ కుమారుడు తవిటయ్య యని స్పష్టముగ నుండెను. సర్కారు సిరా అసత్యమాడదని తలంచి వాడుకకు విరుద్ధముగ అసిరయ్యయే బిడ్డను అమ్మెననియు పోలినాయుడే తవుడు పోసి కొనెననియు నిశ్చయించి వంశవృక్షమున నట్లే వ్రాసి క్రింద చేవ్రాలు చేసితిని.

ఆ కాగితమునే లోకనాథము న్యాయస్థానమున దాఖలుచేసెను. తవిటయ్య పోలినాయుని కడుపున పుట్టినవాడు గాడు శాస్త్రోక్తముగ దత్తతయు జరుగలేదు కావున పోలినాయునినుండి మాకు వచ్చిన మూడెకరముల పల్లపుపొలము తనదే యని వ్యాజ్యము. ఆ పల్లము తప్ప నా అయిదుగురు బిడ్డలకు వేఱొక యాధారము లేదు. తుదివిచారణ మఱునాడే. నీ వ్రాతను కాదనగల సాక్షిని తెమ్ము తేలేనిచో రానక్కఱలేదని మా వకీలు చెప్పి పంపెను. నదినుండి తడిబట్టలతో వచ్చి గడపలో చతికిలబడితిని. నా చేతితోనే నా బిడ్డల కూడు చెఱిపితినిగదా యని యేడ్చుటకైనను శక్తి లేకుండెను.

నా భార్య సన్యాసమ్మ నన్ను చూచి “ఆ సిట్టాలో పేర్లన్నీ సచ్చినోల్లవేనా? బతికున్నోల్లు ఒక్కులూ నేరా?” యని యడిగెను.

గున్నమ్మ జీవించియుండెను. విధవయై నదికావలి తన అత్తింటి పల్లెలో నుండెను. చిట్టాలో ఆమె పేరు కన్నులార చదివియు ఆమె బ్రదికియున్నదని యెఱిగియు అక్షరమెఱుగని ముదుసలిని అడుగవచ్చునని ఏడేండ్లలో ఒక్కనాడును నాకు తోపకపోవుటకు ఏమి కారణము చెప్పుదును?

పడవ దాటి పోవునప్పటికి ఆమె ఆవుచెంత గూర్చుండి గోగునారతో పలుపు పేనుచుండెను.

“మామ్మా, నేను తవిటయ్య కొడుకుని.”

“మామ్మేటి? అత్తనవుతాను. మా తమ్ముడి ముక్కే ఎట్టుకొచ్చినావు గానీ తోవ తెలడానికి ఇన్నేల్లు పట్టిందేటి అల్లుడా?”

“అత్తా, మా నాన్న ఎవరి కడుపున పుట్టినాడు?”

“మీ మామ్మ కడుపునే. నలుగుర్ని మట్టిసేసి అయిదోవోడ్ని మాయమ్మ సేతిలో ఎట్టీసింది. తవుడు కొలిసింది మాయమ్మ. ఆ సేట నెత్తినెట్టుకుని మీ ఇంటికి మోసింది నాను.”

“మరి సర్కారు చిట్టాలో మీ యింటివాడని ఉంది.”

“గుమస్తా వొచ్చినప్పుడు గుంటడికి అమ్మోరు పోసుంది. సూడ్డానికెల్లిన మాయమ్మ ఒళ్లోనే ఉన్నాడు. ఎవుల పిల్లడని అడిగితే నా పిల్లడే అంది, నా పక్కన రాయించీసింది. నిజం సెప్తే ఇనీది గుమస్తా ఒక్కడేటి? అమ్మోరు ఇనదా?”

ఒక తల్లి బిడ్డను మృత్యువునకు మఱుగుపఱచుటకై పలికిన మాటను నేను మూడెకరముల తీర్పుగ చదివికొంటిని. కన్నీరు తుడిచికొని రేపు కచేరీకి వచ్చి ఈ మాట చెప్పుమని చేతులు మోడ్చితిని.

“రాను. పిల్లడి పెల్లినాటికి ఆ తవుడు తిరిగిచ్చీయాల. మీ మామ్మ ముందే పోనాది, ఎవులూ ఇవ్వనేదు. తవుడు రాకుండా మీవోడని పెమాణమెలా సేత్తాను? ఇయ్యాల్టికీ వోడు మావోడే. నువ్వూ మావోడివే. ముందు ఆవుకి గడ్డేసిరా.”

గడ్డి వేసియే యింటికి మరలితిని. సన్యాసమ్మ గాదె అడుగున మిగిలిన ధాన్యమునంతయు ఊడ్చి రోటబోసి దంచెను. చేట నిండుటకు అది సరిగా సరిపోయెను.

ఆ వృద్ధురాలు కచేరీలో తడబడక చెప్పినదియు న్యాయాధిపతి రెండు తడవలు అడిగి వ్రాసికొనినదియు పల్లము మాకు నిలిచినదియు ఊరెఱిగిన సంగతులే. నాకు మఱపురానిది బండి కదలుటకు ముందు జరిగినది.

ఉదయపుటెండలో ఆమె గుమ్మమున నిలిచి చేటను రెండుచేతుల నందుకొనెను. తవుటిని పిడికిటనెత్తి వాసన చూచెను. పిదప ఆవుముందు తొట్టిలో కొంచెము కొంచెముగ పోయుచు నా వైపు చూడక “ఇదో, తీరిపోనాది. ఇంక వోడు మీవోడు” అని మెల్లగ ననెను. ఆవు తవుడంతయు నాకివేసెను. డెబ్బదియేండ్లకు పైబడి తమ్ముడైన వానిని చేటెడు తవుటికి తిరిగి యిచ్చివేసిన యామె కొంగుతో కన్నులొత్తికొని ఖాళీచేటను విదిలించి చూరునకు తగిలించి నా భుజమూతగా బండి యెక్కెను.