రెండు వేళ్ళ ఎత్తు

ఒళ్ళు పట్టే ఆ దుకాణంలో రెండు మంచాలుండేవి. మధ్యలో ఒక పరదా. గోడవైపు మంచం పెద్దకోడలిది, కిటికీవైపు మంచం చిన్నకోడలిది. ఇద్దరూ ఒకే ఇంటి తోటికోడళ్ళు. పని నేర్పింది పెద్దదే. చిన్నది కాపురానికి వచ్చిన ఏడాదే దుకాణానికి వెంటబెట్టుకొచ్చి, "ఇదిగో, ఇది కండ, ఇది ఎముక. ఎముక మీద నొక్కావంటే లేచి నిన్నే నొక్కుతారు" అంటూ చేయి పట్టుకుని చూపించింది. అప్పట్లో ఆవిడ మనసులో కల్మషం ఏమీ లేదు.

ఒక సోమవారం పొద్దున యజమానురాలు ఇద్దరినీ బల్ల ముందు నిలబెట్టింది. ఆవిడకి డొంకతిరుగుడు చేతకాదు.

"వచ్చే నెల ఒక మంచం తీసేస్తున్నా. ఆ చోట జుట్టు కత్తిరించే కుర్చీ వేయిస్తా. మీలో ఒక్కరే ఉంటారు. నెలాఖరు దాకా ఎవరి కోసం ఎక్కువమంది అడుగుతారో వాళ్ళని ఉంచుకుంటా. నాకు మీరిద్దరూ ఒకటే. తర్వాత నన్ను ఆడిపోసుకోవద్దు."

చిన్నది నవ్వేసింది. "ఇంకా చూసేదేముందమ్మా, అక్కే ఉంటుంది. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నదాన్నేగా."

ఆమె మనసులో ఉన్నదే అన్నది. పెద్దదానికి మాత్రం ఆ మాట గుచ్చుకుంది. నిజం ఆవిడకి తెలుసు. ఏడాదిగా, తలుపు తోసుకుని వచ్చినవాళ్ళ కళ్ళు ముందు కిటికీ వైపే పోతున్నాయి. చిన్నదాని చేయి వెన్నముద్ద. ఆ చేతికింద పడుకున్నవాళ్ళు కునుకు తీసి, లేచి, చెప్పులేసుకుని తేలిగ్గా వెళ్ళిపోతారు. పెద్దదానికి యాభై రెండేళ్ళు. మొగుడు నడుం విరగ్గొట్టుకుని మూడేళ్ళుగా గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఈ వయసులో ఇంకో చోటికెళ్ళి పని అడిగితే, "మీ అమ్మాయికా అమ్మా?" అంటారు. చిన్నదానికేం, ముప్పై నిండలేదు, మొగుడు లారీ తోలి అంతో ఇంతో పంపుతాడు, ఏ గుమ్మం ఎక్కినా రమ్మంటారు. అలా అని తనకి తాను చెప్పుకుంది. చెప్పుకున్నకొద్దీ అది న్యాయంగానే కనబడింది.

మొదటిసారి జరిగింది మాత్రం పొరపాటే.

బడి టీచరమ్మ ఒకావిడ నడుం పట్టించుకోవడానికి వచ్చింది. చిన్నది ఖాళీగా లేకపోయేసరికి టీచరమ్మ గోడవైపు మంచం మీద పడుకుంది. బోర్లా పడుకున్నప్పుడు ముఖం పెట్టుకోవడానికి మంచానికి తలవైపు గుండ్రటి మెత్త ఉంటుంది. కింద మర తిప్పితే అది పైకీ కిందికీ కదులుతుంది. ఆ వేళ మెత్త ఉండాల్సినదానికంటే రెండు వేళ్ళ ఎత్తు లేచి ఉంది. పెద్దది చూసుకోలేదు. ముప్పావుగంట మెడ వెనక్కి విరిచిపెట్టినట్టు పడుకున్న టీచరమ్మ, లేవబోయి మంచం అంచు గట్టిగా పట్టుకుంది.

"అమ్మో, తల పగిలిపోతోందండీ! నడుం నొప్పితో వస్తే తలనొప్పి ఇచ్చి పంపుతారా?"

మెత్త ఎత్తుగా ఉందని పెద్దది అప్పుడు చూసింది. కానీ పాతికేళ్ళ పని ఊరికే పోదు. ఆవిడని గబుక్కున లేవనివ్వలేదు. పక్కకి తిప్పి, మెల్లగా కూర్చోబెట్టి, గుక్క గుక్కగా నీళ్ళు తాగించింది. వెచ్చని నీళ్ళలో పిండిన గుడ్డ మెడ వెనక, చన్నీటి గుడ్డ నుదుటి మీద వేసింది. కళ్ళకి వెలుతురు తగలకుండా దీపం ఆర్పేసింది. పుర్రె కింద రెండు గుంటల్లో బొటనవేళ్ళు ఆనించి, ఆవిడ ఊపిరి వదిలినప్పుడల్లా కొద్దిగా నొక్కి, పీల్చినప్పుడల్లా వదిలింది. తర్వాత కనుబొమల ఎముక అంచు వెంట కణతల దాకా రాసింది. పావుగంటకి టీచరమ్మ కళ్ళు తెరిచింది.

"తీసి అవతల పారేసినట్టు పోయిందండీ! ఎవరైనా దేవుడికి దండం పెడతారు, నేను మీకు పెడతా."

మర్నాడు ఆవిడ ఇద్దరు తోటి టీచర్లని వెంటబెట్టుకొచ్చింది. "తలనొప్పి తీసే ఆవిడ ఉన్నారా?" అని బల్ల దగ్గర గట్టిగా అడిగింది. యజమానురాలు పెద్దదాని వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

ఆ సాయంత్రం మంచం తుడుస్తూ పెద్దది మర దగ్గర ఆగింది. పాతికేళ్ళలో ఎంతమందిని హాయిగా లేపి పంపిందో. వాళ్ళలో ఒక్కరూ ఇంకొకరికి చెప్పలేదు. ఏ నొప్పీ లేనివాళ్ళకి చెప్పుకోవడానికేముంటుంది? ఒక్క ఆడమనిషికి తలనొప్పి పుట్టి పోయేసరికి బడి బడంతా తెలిసిపోయింది.

పొద్దున్నే దుకాణం తెరిచి రెండు మంచాలూ సర్దేది పెద్దదే. చిన్నది కూతుర్ని బడిలో దింపి అరగంట ఆలస్యంగా వస్తుంది. ఆ ఏర్పాటు పెద్దదే చేసింది, "పిల్ల ముఖం కడిగి తీరిగ్గా రా, దుప్పట్లు నేను పరుస్తాలే" అని.

మర్నాడు పొద్దున ఆవిడ తన మంచం మెత్త సరిగ్గా దించుకుంది. కిటికీవైపు మంచం మెత్త రెండు వేళ్ళు ఎత్తింది. చిన్నదాని పక్కన ఎప్పుడూ ఉండే నీళ్ళ చెంబు తీసి బల్ల కింద పెట్టింది.

మధ్యాహ్నానికి పరదా అవతల నుంచి టైలరమ్మ గొంతు లేచింది. ఆవిడకి నోరు కత్తెర కంటే పదును.

"నీ మెత్తని చేతులకో దండం తల్లీ! వీపు పట్టమంటే తల పట్టేశావు. నాకు సాయంత్రానికి మూడు జాకెట్లున్నాయి, సూది కనిపిస్తే ఒట్టు!"

"అక్కా, ఒక్కసారి వస్తావా?" చిన్నది పరదా అవతల నుంచి పిలిచింది. తన చేతికింద ఎవరికీ తలనొప్పి రాలేదు గనక, వస్తే ఏం చేయాలో ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు.

పెద్దది చేతులు తుడుచుకుంటూ పరదా తప్పించి వచ్చింది. "లేవకండి, లేవకండి. ఏమే, నీకు ఒళ్ళు పట్టడం నేర్పాగానీ తలకాయ నేర్పలేకపోయానే!" అంది. తల పట్టుకునే టైలరమ్మ నవ్వింది. చిన్నది కూడా నవ్వబోయింది, పెదవి సహకరించలేదు.

వారం తిరిగేసరికి ఐదుగురు అలాగే లేచారు. ఐదుగురినీ పెద్దదే తేర్చింది. చిన్నది గోళ్ళు కుదుళ్ళ దాకా కత్తిరించుకుంది. నూనె మార్చింది. మెడ దరిదాపులకి పోవడమే మానేసింది. మంచం సంగతి ఆమెకి తోచలేదు. సర్దేది అక్క, అందులో తోచడానికేముంది?

"ఆ తలనొప్పి తీసేది నాకూ నేర్పక్కా," అని అడిగింది ఒకరోజు, గుడ్డలు పిండుతూ.

"అది నేర్పితే వచ్చేది కాదే. చేతిని బట్టి ఉంటుంది. కొందరి చేయి తీస్తుంది, కొందరి చేయి తెస్తుంది."

ఆ మాట పెద్దది ఆలోచించి అన్నది కాదు, నోటికొచ్చింది. కానీ చిన్నదాని ముఖం చూశాక, అది సరిగ్గా తగిలిందని అర్థమై వెనక్కి తీసుకోలేదు.

బడికి సెలవైన రోజున చిన్నది పిల్లని పెదనాన్న దగ్గర వదిలి పెందలాడే వచ్చేసింది. తలుపు తీసేసరికి పెద్దది కిటికీవైపు మంచం కింద వంగి ఉంది. చేయి మర మీద ఉంది.

"ఏం చేస్తున్నావక్కా?"

పెద్దది తల తిప్పకుండానే అంది. "మర వదులైందే. బిగిస్తున్నా. అసలే నీ దగ్గరికి వచ్చేవాళ్ళకి తల నొస్తోంది, ఇంక తల ఊడి కింద కూడా పడాలా?"

చిన్నది దగ్గరికొచ్చి, వంగి, ఆవిడ భుజం మీద చేయి వేయబోయి ఆగిపోయింది. ఆ చేతిని కొంగులో చుట్టుకుంది. "నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో," అంది.

నెలాఖరున యజమానురాలు పెద్దదాన్ని పక్కకి పిలిచింది. "నువ్వే ఉంటున్నావు. ఆమెకి నువ్వే చెప్పు. నేను చెప్తే ఏడుస్తుంది, నాకు ఏడుపులు పడవు."

ఇంటికొచ్చాక, వంటింట్లో చిన్నది కూర తరుగుతుంటే పెద్దది చెప్పేసింది. దారి పొడుగునా ఓదార్పు మాటలు కూడబెట్టుకుంటూ వచ్చింది. అవేవీ అక్కర్లేకపోయాయి.

"తెలుసక్కా," అంది చిన్నది, కత్తి ఆపకుండా. "నేను నిన్ననే హోటల్లో అడిగొచ్చా. అంట్లు తోమడానికి రమ్మన్నారు."

"అంట్లేమిటే! పెద్ద వీధిలో ఒళ్ళు పట్టే దుకాణాలు రెండున్నాయి. నీ చేతికి ఎవరు కాదంటారు?"

"వద్దక్కా. మనుషుల్ని ముట్టుకునే పని ఇంక వద్దు. గిన్నెలకైతే తల నొయ్యదుగా."

అది నవ్వించడానికి అన్న మాట. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

అంతలో పిల్ల దువ్వెన పట్టుకుని వచ్చింది, జుట్టంతా చెదిరిపోయి. "అమ్మా, జడ వేయవూ? బడిలో అందరూ నన్ను చీపురు అంటున్నారు."

చిన్నది చటుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "పెద్దమ్మనడుగు," అంది. పెద్దదాని వైపు చూసి గొంతు తగ్గించింది. "పదిరోజులైందక్కా నేను దాని తల ముట్టుకుని. ఆవేళ దువ్వి పంపితే, సాయంత్రం తలనొప్పని ఏడుస్తూ వచ్చింది. బయటివాళ్ళకి తెస్తే తెచ్చాను, నా పిల్లకి కూడానా?"

పెద్దది నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. మర, రెండు వేళ్ళు, అంతే. చెప్పేస్తే ఈ చేతులు వెంటనే ముందుకొస్తాయి. చెప్పేస్తే ఎల్లుండి ఆ ఒక్క మంచం మీద దుప్పటి పరిచేది కూడా ఈ చేతులే.

తెరిచిన నోరు మూసి, పీట లాక్కుని కూర్చుంది. "ఇటు రావే," అని పిల్లని ముందు కూర్చోబెట్టుకుని, పాపిడి తీసి, చిక్కులు విడదీసి, జడ అల్లింది.

"నొప్పెడుతోందా?" పక్కనుంచి చిన్నది ఆత్రంగా అడిగింది.

"లేదమ్మా."

"చూశావా అక్కా," అంది చిన్నది, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ. ఆ ముఖంలో నిజంగానే సంతోషం కనబడింది. "నీ చేయి దానికి పడింది."

పెద్దది జడ చివర రిబ్బను బిగించి ముడి వేసింది.

"రేపటి నుంచి రోజూ నా దగ్గరికే రా," అంది పిల్లతో.