బాలత్త బొంత

తెల్లారంగనె అఖిల చేసే మొదటి పని నాయినను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పుడు. లేసి తిప్పుతది అందామంటె, పండితెనే గద లేసేది! పక్షవాతం వచ్చిన సంది నాయిన వైకుంఠానికి కంటి మీద కునుకు లేదు. రాత్రనక పగలనక ఒకటే కేకలు. ఇదివరకైతె అఖిలతోటి బాలత్త గూడ కూసునేది. ఆమె కాలంజేసి మూడొద్దులాయె.

బాలత్త వైకుంఠం చెల్లె, షోలాపూర్ మనిషి. వదిన సచ్చిపోతె, పసిపిల్లలు అఖిలను, నందును నెల రోజులు సూసి పోదామని రేకుపెట్టె పట్టుకొని పురానాపూల్ వచ్చింది. ఆ నెల ఎన్నడూ ఒడువలే. పిల్లలు పెద్దగైరి, అన్న మంచాన పడె, గల్లీల ఏ ముసలోళ్లు మూలిగినా మంచం కాడ ఆమెనే. "షోలాపూర్ పోయినంక కంటినిండ పండుకుంట తియ్" అని నవ్వేది.

పండని నిద్రంత తన బొంతల దాసేది. పాత చీరెలు పొరలు పొరలుగ వేసి కుట్టిన బొంత. ఏండ్లు గడిచిన కొద్దీ బరువెక్కింది. గల్లీ అందరికీ ఎరికే. పసిపిల్ల పండకపోతె తల్లులు వచ్చి చాయ్‌పత్తి అడిగినట్టు, "బాలత్తా, జర్రంత నిద్ర ఇయ్యరాదు" అనేటోళ్లు. ఆమె ఒక పోగు పీకి పిల్ల చేతికి కట్టేది. తన చేతికి మాత్రం ఎన్నడూ కట్టుకోలే, పిచ్చిది.

మూడో దినమని ఆ పొద్దున సమాధి కాడ పిట్టకు ముద్ద పెట్టిండ్రు. ఆమెకు పానమని షోలాపూర్ పల్లీల పొడి, షేంగా చట్నీ గూడ పెట్టిండ్రు. గోడ మీది కాకి చూసి మొఖం తిప్పుకున్నది. సచ్చినోళ్లకు ఏదో కోరిక మిగిలితెనే కాకి ముట్టదంటరు. సైదాబాద్‌ల ఉండే తమ్ముడు నందు చేతులు జోడించి, "నాయినకు ఏ లోటు రానియ్య అత్తా" అన్నడు. కాకి కదల్లే. కదులుతదా మరి! మధ్యాహ్నం జల్‌పల్లి ముసలోళ్ల ఆశ్రమం బండి వస్తున్నది నాయిన కోసమే.

"నీతోని గాదక్కా. నీ మొఖం అద్దంల చూసుకున్నవా?" అని నిన్ననే అన్నడు నందు. అఖిల సరేనన్నది. ఇష్టమై కాదు, వద్దనే ఓపిక లేక.

బండి వచ్చింది. సచ్చినోళ్ల బొంత ఇంట్ల ఉండొద్దని నందు ఎత్తబోయిండు. లేవలే. డ్రైవర్ బబ్లూ చెయ్యేసిండు. లేవలే.

"ఉండనియ్‌రా," అన్నది అఖిల. "పోయే ముందు నాయినను ఒక్కపారి చెల్లె బొంత మీద పండనియ్."

పండబెట్టిండ్రు. కేక సగంల ఆగింది, గురక మొదలైంది. మూతి తుడుద్దామని అంచున కూసున్న అఖిల అట్లనే ఒరిగింది. అక్కను లేపబోయిన నందు గూడ ఒరిగిండు. మూడుసార్లు పిలిచి పిలిచి, బబ్లూ గడప కాడ బొంత కొసకు తల ఆనిచ్చిండు. ఇగ అంతే.

పొద్దు వాలంగ అఖిల లేసింది. ఒంట్ల నొప్పి ఒక్కటి లేదు.

"అక్కా, తీస్కపోవాల్నా?" అడిగిండు బబ్లూ కండ్లు నులుముకుంట.

"వద్దు భాయ్. మా నాయిన ఈడనే ఉంటడు."

నందు వంగి బొంత అంచు వాసన చూసిండు. చిన్నప్పుడు జ్వరమొస్తె ఇదే బొంతల అత్త ఒడి వాసన. "వారంల సగం రాత్రులు నేనొస్తనక్కా. మాట," అన్నడు.

నాయినను మంచం మీదికి మార్చినంక, నిద్రంత ఒడిసిన బొంత ఒంటి చేత్తోని లేసింది, ఒక్క మూల తప్ప. ఆ మూల ఇంకా బరువే. దాన్ని దాసుకుందామా అనిపించింది అఖిలకు. రేపు నాయిన మళ్ల అరిస్తె? ఆశ గట్టిగనే గుంజింది. కండ్లల్ల నీళ్లొచ్చినయ్. కత్తెర తెచ్చి ఆ మూల కోసి, రెండు చేతుల మోసుకొని సమాధి కాడికి పోయింది. పచ్చి మట్టి మీద పరిచి చేత్తోని సాపు చేసింది.

"షోలాపూర్ దూరం అత్తా. ఈడనే పండు."

గోడ మీది నుంచి కాకి దిగి, పొద్దుటి ముద్దను ముట్టింది.