నాయకుడి బొమ్మ ఉన్న పెట్టె

నేను ఒక ఫ్రీజర్ పెట్టెను. అయినవాళ్లు వచ్చేదాకా శవాన్ని చెడకుండా ఉంచడం నా పని. విశాఖపట్నంలో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేశారు. ఎన్నికల ముందు ఒక నాయకుడు నన్ను కొని, నా తలవైపు రేకు మీద తన నవ్వుముఖం అంటించి, చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరికి దానమిచ్చాడు. అప్పట్లో నన్ను అందరూ వాడుకున్నారు. అతనికి ఓటు వెయ్యనివాళ్లూ నాలో పడుకున్నారు. ఆ ముఖం చూసి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. బాయిలర్ దగ్గర పనిచేసే తవిటయ్య, అక్కడే పనిచేసే అతని ఇద్దరు కొడుకులు ఒకేరోజు ఇంటికొచ్చేశారు. కొన్నాళ్లకు దగ్గర్లోని ఓడరేవు గోదాముల్లో కొద్దిపాటి ఉద్యోగాలు పడ్డాయి. అవి నాయకుడు చెప్పినవాళ్లకే దక్కేవి. చిన్నకొడుకు సూర్రావు జెండా పట్టుకుని తిరిగి కాపలా పని సంపాదించాడు. పెద్దకొడుకు గౌరీశు కూడా నాయకుడి ఇంటిముందు ఎండలో నిలబడ్డాడు. దొరకలేదు. మేం గెలిస్తే ఆ పని నీదేనని అవతలి పార్టీవాళ్లు అతనికి చెప్పారు, అతను వాళ్లలో చేరిపోయాడు. అప్పట్నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఊళ్లో టీ కొట్లు, పెళ్లి పిలుపులు కూడా రెండుగా చీలిపోయాయి.

మే నెలలో ఒక తెల్లవారుజామున తవిటయ్య పోయాడు. తిరుప్పూరులో బట్టలు కుట్టే కంపెనీలో ఉన్న కూతురు మంగ కబురందగానే రైలెక్కింది. సూర్రావు నన్ను ఆటోలో తెచ్చి, అరుగు మీద పెట్టి, కరెంటు ఇచ్చాడు. గౌరీశు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ ముకం కింద మా అయ్యని తొంగోబెట్టనివ్వను."

తల్లి పైడమ్మ లోపలికెళ్లి పాత చీర తెచ్చి ఆ బొమ్మ మీద కప్పబోయింది. సూర్రావు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"కప్పకే అమ్మా. ఎవుడైనా ఫొటో తీసి పంపిత్తే రేపట్నించి నాకు డూటీ ఉండదు."

ఆ మాట గౌరీశు విన్నాడు. ఆ భయం అతనికి తెలియనిది కాదు. ఒకసారి మంచం మీదున్న తండ్రి వైపు చూశాడు, పక్కకు తొలగుతాడనే అనుకున్నాను. కానీ వీధిలో అతని పార్టీవాళ్లు కూడా నిలబడి ఉన్నారు. అతను కదల్లేదు.

ఐసు దిమ్మలు తెప్పించారు. అవి మంచం కింద కరిగి వాకిట్లోకి పారాయి. మధ్యాహ్నానికి వాసన మొదలైంది. ఇక ఆగలేమని పెద్దలన్నారు. కొడుకులిద్దరూ పాడె చెరోపక్క మోశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా.

మంగ వచ్చేసరికి మర్నాడు సాయంత్రమైంది. ఇల్లు కడిగేసి ఉంది. ఆమె లోపలికి పోకుండా అరుగు మీదున్న నా దగ్గరే ఆగింది. నన్ను ఆపాలని ఎవరికీ తోచలేదు. నిన్న పొద్దుట్నుంచీ ఖాళీగా నడుస్తూనే ఉన్నాను. ఆమె మూత ఎత్తి లోపల చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"సల్లగానే ఉంది గదే అమ్మా" అంది.

అన్నలిద్దరూ అక్కడే ఉన్నారు. సూర్రావు లేచొచ్చి నా ప్లగ్గు పీకేశాడు.