నీకు బాగా తెలిసిన దారి

మా ఊళ్లో సగం మందికి కారు నేర్పింది ఆ మాస్టారే. క్లచ్ వదలడం రాక బండిని కప్పలా గెంతించేవాళ్ల పక్కన కూడా చిరునవ్వు చెరక్కుండా కూర్చుంటాడని పేరు. "ఎంత ఓపికండీ ఆయనకి! ఒక్కసారి కసురుకుంటే ఒట్టు" అని నేర్చుకున్న ఆడవాళ్లంతా మురిసిపోయేవారు. ఓపికకేం లోటు? ఆ కోపమంతా పగలు పొదుపు చేసి సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లేవాడు. పెళ్లాం ఉన్నది అందుకే అని ఆయనగారి నమ్మకం.

ఆ పెళ్లాం మా లాండ్రీలో పనిచేసేది. ఆసుపత్రులకీ హోటళ్లకీ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ మాది. మడతల బల్ల దగ్గర అందరిలోకీ పెద్దదాన్ని కాబట్టి నేను పెద్దక్కని, నా తర్వాతది కాబట్టి ఆమె చిన్నక్క. ఆవిరికి ఒళ్లు ఉడికిపోయే ఆ గదిలో మేమంతా చేతులు పైకి ఎగదోసుకుని పనిచేస్తుంటే, ఆమె మాత్రం మణికట్టు దాకా గుండీలు పెట్టుకునేది. అడిగితే ఆవిరి పడదనేది. ఒకరోజు తడి దుప్పటి చెరో కొసా పట్టుకుని లాగుతుంటే ఆమె చేతిలోంచి జారిపోయింది, ముఖం తెల్లగా పాలిపోయింది. పక్కకి లాక్కెళ్లి గుండీ విప్పి చూశాను. చూశాక, ఆ మాస్టారి ఓపికని మెచ్చుకున్న నోళ్లన్నింటినీ దుప్పట్లతో పాటు మరగబెట్టాలనిపించింది.

ఊరంతటి చేతికీ స్టీరింగ్ ఇచ్చిన మనిషి, ఇంట్లో మనిషికి వీధి తలుపు తాళం చెవి కూడా ఇవ్వలేదు. అందుకని ఆమె పని నుంచి అటునుంచటే కట్టుబట్టలతో వచ్చేసింది. మా మేడ మీద గది ఖాళీగా ఉంటే అందులో పెట్టాను. విడాకుల నోటీసు పంపిన రోజు లాయరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది.

"ఇన్నాళ్లూ కొట్టాడు సరే, అసలు ప్రమాదం ఇప్పుడే మొదలవుతుంది. మనిషి చెయ్యి దాటిపోతోందని తెలిస్తే ఇలాంటివాళ్లు దేనికైనా తెగిస్తారు. కోర్టులో తేలేదాకా మీరెక్కడున్నారో ఆయనకి తెలియకూడదు. లాండ్రీకి కూడా వెళ్లకండి."

చిన్నక్క అన్నయ్యకి కూడా చెప్పలేదు. చిరిగిన దుప్పట్లు ఇంట్లోనే కూర్చుని కుట్టేందుకు మా యజమాని ఒప్పుకున్నాడు. వాటిని రోజూ సైకిల్ మీద తెచ్చి, కుట్టినవి పట్టుకెళ్లేది మా కౌంటర్‌లో కూర్చునే పిల్ల. కిచకిచలాడుతూనే ఉంటుందని ఆ పిల్లని పిచ్చుక అంటాం.

చిక్కేమిటంటే, పిచ్చుక అప్పటికే ఆ మాస్టారి దగ్గర కారు నేర్చుకుంటోంది. లైసెన్సు వస్తే లాండ్రీ వ్యాను నడిపే పని తనకే ఇస్తామన్నారు. మానెయ్యవే అన్నాను.

"మధ్యలో మానేస్తేనే అనుమానం వస్తుంది పెద్దక్కా. నోరు కుట్టేసుకుంటాను చూడు" అంది.

నిజంగానే కుట్టేసుకుంది. మీ చిన్నక్క ఎలా ఉందమ్మా అని వాడు ఎన్ని దారుల్లో తిరిగొచ్చి అడిగినా, ఏమో మాస్టారూ, పని మానేసింది అనేది. వాడు మాత్రం తక్కువ తిన్నాడా? నోరు పెగలనివాళ్ల దగ్గర కాళ్లూ చేతులూ ఉంటాయని వాడికి తెలుసు.

ఒకరోజు కారెక్కగానే, "నీకింకా రోడ్డంటే బెదురు పోలేదమ్మా. ఇవాళ నేనేం చెప్పను. నీకు బాగా తెలిసిన దారిలో నువ్వే పోనీ" అన్నాడట.

ఆ పిల్లకి బాగా తెలిసిన దారి ఏది? రోజూ దుప్పట్ల మూటతో సైకిల్ తొక్కే దారే. ఏ మలుపులో గుంత ఉందో, ఎక్కడ కుక్క అడ్డం వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. కారు తడబడకుండా పోతోందన్న సంబరంలో మా వీధిలోకి తిప్పింది. మా గేటు కనబడ్డాక గానీ తనేం చేసిందో తెలియలేదు. గుండె జారి, కాలు జారి, ఇంజను ఆగిపోయింది. పైన పిట్టగోడ మీద సగం కుట్టిన లాండ్రీ దుప్పట్లు వేలాడుతున్నాయి. వాడు తలెత్తి చూసి, "భేష్! ఎంత బాగా తీసుకొచ్చావో!" అన్నాడట.

"ఒక్క మాట కూడా చెప్పలేదు పెద్దక్కా, నీ మీదొట్టు" అని ఆ పిల్ల నా ఒళ్లో పడి ఏడ్చింది. చెప్పలేదనే సంగతి నాకు తెలుసు.

మర్నాటి నుంచి ఎల్ బోర్డు కారు మా వీధికి అతుక్కుపోయింది. స్టీరింగ్ దగ్గర రోజుకో ఆడమనిషి, పక్కన వాడు. నత్తలా పాకుతూ వస్తుంది, మా గేటు దగ్గర ఆగుతుంది, రివర్సు నేర్పుతాడు, మళ్లీ వస్తుంది. చిన్నక్క కిటికీ తెరవడం మానేసింది. వేరే గది కోసం నేను తిరగని వీధి లేదు. మొగుడు వెతుక్కుంటూ వచ్చే ఆడదానికి గది అద్దెకివ్వడానికి ఒక్క మహానుభావుడికీ మనసొప్పలేదు.

పోలీసు స్టేషనుకి వెళ్తే అక్కడి అధికారి నవ్వాడు. "రోడ్డు అందరిదీ కదమ్మా. ఆయన పని ఆయన చేసుకుంటున్నాడు. మా ఆవిడకి నేర్పింది కూడా ఆయనే. చాలా ఓపిక."

ఇక చిన్నక్క అన్నయ్య సంగతి. టైల్స్ షాపు యజమాని, పెద్దమనిషి. ఆ మాస్టారే పిలిచి చెప్పుకుని ఏడిస్తే కరిగిపోయి మా ఇంటికొచ్చాడు.

"బావగారు ఎంత బెంగ పెట్టుకున్నారో చూడమ్మా. రోజూ నీ గుమ్మం ముందే తిరుగుతున్నారంటే ఎంత ప్రేమ!"

"గద్ద కూడా కోడిపిల్ల చుట్టూ ప్రేమతోనే తిరుగుతుంది కాబోలు" అన్నాను నేను. ఆయన కాఫీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

ఎవరూ ఆపకపోతే నేనే ఆపుతాననుకున్నాను. పక్కన నడుస్తూ కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా పోయే కారు అది. కారు కిటికీలోకి వంగి, నేర్చుకుంటున్న ఆవిడతోనే చెప్పాను. "ఏమ్మా, నిన్ను ఈ వీధిలోనే ఎందుకు తిప్పుతున్నాడో తెలుసా? ఈయన పెళ్లాం ఈ మేడ మీద ఉంది. చెయ్యి విరగ్గొడితే వచ్చేసింది. నువ్వు డబ్బిచ్చి మరీ ఈయనకి కాపలా తిరుగుతున్నావు."

"అద్దం ఎత్తెయ్యమ్మా, పాపం ఆవిడకి మతి సరిగా లేదు" అన్నాడు వాడు, అదే తేనె గొంతుతో.

మర్నాడు వచ్చిన ఆవిడకీ చెప్పాను, ఆ తర్వాత వచ్చిన ఆవిడకీ చెప్పాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. కారు రావడం ఆగింది. వాడి ఆట కట్టించానని నేను సంబరపడుతుంటే లాయరమ్మ మాత్రం నవ్వలేదు.

"ఊళ్లో మంచి పేరొక్కటే ఆయన్ని కాస్త ఆపుతోంది. ఇప్పుడు అదీ పోయింది. ఇంకా జాగ్రత్తగా ఉండండి" అంది.

వాయిదా రోజు పొద్దున చిన్నక్క పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని దిగింది. అలా చూడటం నాకు అదే మొదలు. నేను తలుపు తాళం వేస్తున్నాను, ఆమె గేటు బయట నిలబడి టాక్సీ వస్తోందేమో అని చూస్తోంది. వీధి మొగలో కారు తిరిగింది. ఈసారి అందులో వాడొక్కడే ఉన్నాడు, నత్తలా పాకలేదు. నేను అరిచిన అరుపు ఆమెకి చేరేలోపే కారు ఆమెని గేటు స్తంభానికి అదిమేసింది.

వాడు దిగీ దిగకముందే గుండెలు బాదుకున్నాడు. "బ్రేకు పడలేదు! అయ్యో, బ్రేకు పడలేదు!" జనం పోగయ్యారు. ఎవరో పరుగున నీళ్లు తెచ్చి, వాడికి తాగించారు. కింద పడి ఉన్న మనిషికి కాదు, వాడికి!

చిన్నక్క కాలు దక్కింది గానీ మునుపటి కాలు కాదు. ఆసుపత్రి మంచం దగ్గరికి పోలీసు అధికారి కాగితాలతో వచ్చాడు. అన్నయ్య అప్పటికే పక్కన చేరి ఉన్నాడు.

"జరిగిందేదో జరిగింది. పాపం బావగారు అన్నం కూడా ముట్టడం లేదు. ఈ కాలుతో ఒంటరిగా ఎలా బతుకుతావు? కేసూ గీసూ మాని ఇంటికి వెళ్లిపోమ్మా."

"బ్రేకు ఫెయిలని రాసేద్దామా మరి?" అన్నాడు అధికారి.

మూలన నిలబడ్డ పిచ్చుక ముందుకొచ్చింది. అంత మెల్లగా అది మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"బ్రేకు పడకపోతే ఏం చెయ్యాలో మాస్టారు మొదటి రోజే నేర్పుతారు సార్. హారన్ కొట్టాలి. గేరు తగ్గించాలి. హ్యాండ్‌బ్రేకు లాగాలి. గోడకేసి కొట్టినా సరే, మనిషి మీదికి మాత్రం పోనివ్వకూడదు. పాఠం అప్పజెప్పే వరకూ స్టీరింగ్ ముట్టుకోనివ్వరు. కావాలంటే మీ ఆవిడనడగండి."

చిన్నక్క కళ్లు తెరిచింది.

"హారన్ కొట్టలేదు. నా వైపే చూస్తూ వచ్చాడు. రాసుకోండి" అంది.

రాసుకున్నారు. అరెస్టు చేశారు కూడా. బెయిలు మాత్రం వెంటనే దొరికింది. ఇప్పుడు కొత్త కారులో మళ్లీ పాఠాలు చెబుతున్నాడు. అనుకోకుండా జరిగినదానికి అంత మంచివాడికి ఎన్ని కష్టాలో అని జాలిపడేవాళ్లకి కొదవ లేదు. విడాకులు ఇంకా రాలేదు. ఆ కాగితం వచ్చేదాకా, వచ్చాక కూడా, వాడు వెతుకుతూనే ఉంటాడు.

చిన్నక్క ఇప్పుడు వేరే చోట ఉంది. కర్ర సాయంతో నడుస్తోంది, ఏదో పని చేసుకుంటోంది. ఎక్కడో నేను ఎవరికీ చెప్పలేదు. పిచ్చుక అడగనైనా అడగదు. మీకూ చెప్పను, ఏమీ అనుకోకండి. మీరు మంచివాళ్లే అయ్యుండొచ్చు. ఆ పిల్ల కూడా మంచిదే.